డబుల్ బెడ్డా, ట్విన్ బెడ్డా?

మొన్నొక శనివారం కోట్‌పల్లి ప్రాజెక్టు చూడ్డానికి వెళ్ళాం. నేను, మావాడు, వాడి పార్ట్‌నరు. మావాడంటే ఒకప్పటి నా రూమ్మేటు. కూకట్‌పల్లిలో నాలుగేళ్ళు ఒకే గదిలో పడుకుని, ఒకే కుక్కర్లో అన్నం వండుకుని బతికాం. వాడు గే అని నాకు తెలిసింది మాత్రం 2018 సెప్టెంబరు 6న. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య సంబంధం 377 సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజది. ఆఫీసు కేంటీన్లో టీవీ చూస్తూ "ఇది నా గురించేరా" అన్నాడు. అప్పుడు నా బుర్రకి తట్టిన మొదటి ఆలోచన ఆ నాలుగేళ్ళ గది గురించి. వాడికి ఇప్పటికీ చెప్పలేదు, చెప్పాలంటే సిగ్గు.

సరే, ప్రయాణం సంగతికొద్దాం. అనంతగిరి దగ్గర ఒక రిసార్టులో రెండు గదులు తీసుకున్నాం. కౌంటర్ దగ్గర మాకన్నా ముందు ఒక కుర్ర జంట. ఇంటిపేర్లు వేరువేరుగా ఉన్నాయని మేనేజరు వాళ్ళని పావుగంట నిలబెట్టాడు. ఆఖరికి ఆ అమ్మాయి ఫోన్లో పెళ్ళి ఫోటోలు చూపిస్తే గానీ తాళం చేతికి రాలేదు. మా వంతు వచ్చింది. "మీ ఫ్రెండ్సిద్దరికీ ఒకటే మంచం సార్, జెంట్సే కదా, అడ్జస్టయిపోతారు" అని నవ్వుతూ తాళాలిచ్చేశాడు.

నాకు భలే నవ్వొచ్చింది. అంతకు ముందు కార్లో మావాడు నేపాల్ గురించి ఒకటే గొప్పలు చెప్పాడు మరి. "చూశావా, ఇంతకన్నా గే ఫ్రెండ్లీ దేశం ఉంటుందా? దీనికోసం నేపాల్ దాకా ఎందుకురా?" అన్నాను. వాడు నవ్వలేదు. పార్ట్‌నరు బ్యాగు తీసుకుని ముందుకెళ్ళిపోయాడు.

సాయంత్రం ప్రాజెక్టులో ఒకే కయాక్‌లో నేనూ మావాడూ. నాకు తెడ్డు వెయ్యడం రాక గుండ్రంగా తిరుగుతున్నాం. ఆ తిరుగుడులో చెప్పాడు, పోఖరా సంగతి. ఫేవా సరస్సు దగ్గర హోటల్లో రిసెప్షన్ పిల్ల "డబుల్ బెడ్డా, ట్విన్ బెడ్డా సార్?" అని మామూలుగా అడిగి, జవాబు కోసం ఎదురుచూసిందట. మొహంలో ఏమీ లేదట. వీడు అలవాటు కొద్దీ టక్కున "ట్విన్" అన్నాడు. అంత దూరం వెళ్ళింది ఆ ఒక్క మాట చెప్పడానికే కదా అని పార్ట్‌నరు ఆ రాత్రి మాట్లాడలేదట.

"ఇక్కడ ఎవడూ అడగడురా. మేముంటామని ఎవడూ అనుకోడు కాబట్టి అడగడు" అన్నాడు.

నేపాల్ గురించి వాడు చెప్పినవన్నీ ఇంటికొచ్చాక చూశాను, చాలావరకు నిజమే. 2007 డిసెంబరులోనే అక్కడి సుప్రీంకోర్టు వీళ్ళకి సమాన హక్కులుండాలని తీర్పిచ్చింది. ఆ కేసు వేసినవాళ్ళలో ఒకరైన సునీల్ బాబు పంత్ 2008లో రాజ్యాంగ సభ సభ్యుడయ్యారు, పింక్ మౌంటెన్ అని ట్రావెల్ కంపెనీ కూడా పెట్టారు. 2015 రాజ్యాంగంలో లైంగిక మైనారిటీల ప్రస్తావన ఉంది. అలాగని స్వర్గమేం కాదు. 2023 జూన్‌లో పెళ్ళిళ్ళు రిజిస్టరు చెయ్యమని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, మాయా గురుంగ్, సురేంద్ర పాండే వెళ్తే కాఠ్మాండూ జిల్లా కోర్టు కాదు పొమ్మంది. ఆ నవంబరు 29న లంజుంగ్ జిల్లాలో గానీ కాగితం చేతికి రాలేదు. మాయ ట్రాన్స్ మహిళ, రికార్డుల్లో మాత్రం పురుషుడే. మనవాళ్ళకి నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డుంటే చాలు. అన్నట్టు భూటాన్‌లో కూడా ఇది 2021 నుంచి నేరం కాదు, కాకపోతే మన దగ్గర కూడా రోజుకి 1,200 రూపాయలు వసూలు చేస్తారు. మావాడు పిసినారి, అందుకే నేపాల్ :)

ఇంకో విషయం. మేం వెళ్ళిన ఈ వికారాబాద్ రోడ్డులోనే ఒక రిసార్టులో 2021 డిసెంబరులో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హల్దీ, మెహెందీలతో సహా పెళ్ళి చేసుకున్నారు. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ, ఇద్దరూ హైదరాబాదులోనే ఉండేవాళ్ళు. చట్టం దృష్టిలో అది పెళ్ళి కాదు. వాళ్ళు సుప్రీంకోర్టుకెళ్ళారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జిల బెంచి పెళ్ళి ప్రాథమిక హక్కు కాదంది, చట్టం చేస్తే పార్లమెంటే చెయ్యాలంది. ఆ కేసు పేరే సుప్రియో కేసు. ఆ రిసార్టు బోర్డు దాటుతున్నప్పుడు మావాడు కారు స్లో చేశాడు, ఏమీ అనలేదు. నేను అప్పుడు తాండూరు కందిపప్పు ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్లో వెతుక్కుంటున్నాను.

మేనేజరు మీద జోకులేశాను గానీ ఒకటి చెప్పలేదు. కౌంటర్ దగ్గర రిజిస్టరు నింపింది నేనే. ఒక్కో గదికి ఒక్కో వరస, చివర 'సంబంధం' అని ఒక గడి. మేనేజరు దాని గురించి అడగలేదు, వదిలేసినా ఏమనేవాడు కాదు. వాళ్ళిద్దరి పేర్ల పక్కన 'కజిన్స్' అని రాశాను. మావాడు నా భుజం మీంచి చూస్తూనే ఉన్నాడు.