పాత లాప్‌టాప్‌కి ఏ లినక్స్?

మా ఇంట్లో లాప్‌టాప్ ఒక్కటే. అక్క డిగ్రీ అయిపోయాక నా చేతికొచ్చింది. ఐదో తరం ఐ3, రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్. ఎస్ఎస్‌డీ ఒక్కటి కొత్తగా వేయించాం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ఉండాలట. ప్లేస్‌మెంట్స్ అయ్యేదాకా కొత్తది కొనమని నాన్నని అడిగే పరిస్థితి లేదు. కోడింగ్ ప్రాక్టీసు, ప్రాజెక్టు, ఈ పత్రికకి టైపింగు, అన్నీ దీని మీదే. కాబట్టి లినక్స్. ఏ లినక్స్ అన్నదే గొడవ.

స్పీడు పేరు చెప్పుకునే డిస్ట్రోల్లో ఒకప్పుడు ముందుండేది ఇంటెల్ వాళ్ల క్లియర్ లినక్స్. బెంచ్‌మార్కుల్లో దాని గురించి గొప్పగా చెప్పేవాళ్లు. 2025 జులైలో ఇంటెల్ దాన్ని ఆపేసింది, సెక్యూరిటీ అప్‌డేట్లతో సహా. ఎంత వేగంగా ఉన్నా, నిర్వహించేవాళ్లు లేని సిస్టమ్ మీద సెమిస్టర్ నడపలేం కదా. జెంటూలో ప్రతిదీ మన మెషీన్ మీదే కంపైల్ చేసుకోవచ్చు. రెండు కోర్లతో బ్రౌజర్ కంపైల్ చేయడం మొదలుపెడితే ఆ రోజుకి మనం కూడా సెలవు పెట్టుకోవాలి! ఇక మిగిలింది ఆర్చ్ ఆధారంగా వచ్చే క్యాచీఓఎస్.

దీని గురించి అందరూ చెప్పే మొదటి మాట "వీ3 ప్యాకేజీలు". చాలా డిస్ట్రోలు 2003 నాటి 64-బిట్ ప్రాసెసర్ మీద కూడా నడిచేలా ప్యాకేజీలు కంపైల్ చేస్తాయి. వీ3 అంటే 2013లో వచ్చిన హ్యాస్‌వెల్ స్థాయి, ఏవీఎక్స్2 లాంటి ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయనుకుని కంపైల్ చేసినవి. వీడియో ఎన్‌కోడింగ్‌కి, నంపై లెక్కలకి ఇది పనికొస్తుంది. కానీ నా రోజువారీ పనిలో దాని వాటా చాలా తక్కువ. ట్యాబ్ తెరిచినప్పుడు మనం ఎదురుచూసేది నెట్ కోసం, ర్యామ్ కోసం. ప్రాసెసర్ వంతు ఆ తర్వాతే.

నాకు నిజంగా తేడా తెలిసింది షెడ్యూలర్ దగ్గర. క్యాచీ కెర్నల్‌లో బోర్ అనే షెడ్యూలర్ ఉంటుంది. కాసేపు పని చేసి ఆగిపోయే ప్రాసెస్‌కి ముందు చోటిచ్చి, ఆపకుండా సీపీయూ తినేదాన్ని కాస్త వెనక్కి నెడుతుంది. వెనక సీ++ ప్రాజెక్టు బిల్డ్ అవుతుంటే, ముందు ఎడిటర్‌లో అక్షరం నొక్కగానే పడుతోంది. బిల్డ్ త్వరగా అయిందా అంటే, లేదు. అయినా నాకు కావాల్సింది ఇదే. బెంచ్‌మార్కులు మొత్తం పని ఎంతసేపట్లో అయిందో కొలుస్తాయి, విసుగెంత వచ్చిందో కొలవవు.

రెండోది జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌గా వాడుకోవడం. క్యాచీలో ముందే ఆన్ చేసి ఉంటుంది. 4 జీబీ వాళ్లకి ఇది అమ్మ పెట్టిన రెండో ముద్ద లాంటిది. పైన డెస్క్‌టాప్‌గా ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకున్నా.

ఇక కష్టాలు. అప్‌డేట్లు ఆగవు. ఆర్చ్ కుటుంబంలో సగం ప్యాకేజీలు అప్‌డేట్ చేసి సగం వదిలేస్తే కుదరదు, అంతా ఒకేసారి చేయాలి. రోజుకి 1.5 జీబీ మొబైల్ డేటాతో అది అయ్యే పని కాదు. అందుకే ఆదివారం లైబ్రరీ వైఫైలో చేస్తాను, పరీక్షల వారంలో ముట్టను. ఎల్‌టీఎస్ కెర్నల్ కూడా పక్కన ఉంచుకున్నా, కొత్తది మొండికేస్తే దాంట్లోంచి బూట్ చేయొచ్చు. తెలుగు టైపింగ్‌కి ఎఫ్‌సీఐటీఎక్స్5, ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండూ వస్తాయి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో ఫాంట్లు వేయండి. కెమెరాతో కాపలా కాసే పరీక్ష సాఫ్ట్‌వేర్లు కొన్ని లినక్స్ మీద నడవవు, వాటికి మాత్రం కాలేజీ ల్యాబే.

"మామా, నాకూ అదే వేసిపెట్టు" అన్నాడు రూమ్మేట్. వాడిది పాత సెలెరాన్, ఏవీఎక్స్2 లేదు. వీ3 ప్యాకేజీలు దాని మీద నడవనే నడవవు. పైగా అప్‌డేట్ అన్న మాట వింటేనే వాడికి నిద్రొస్తుంది. వాడికి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి, జెడ్‌ర్యామ్ విడిగా ఆన్ చేశా. ఇప్పుడు వాడు నాకంటే ప్రశాంతంగా ఉన్నాడు.