వేళ తెలిస్తేనే ఊరు కనబడుతుంది

కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లు ముందుగా అడిగే మాట ఒకటే. "అన్నా, ఒక్క రోజుల ఎన్ని పాయింట్లు చూపియ్యాలె?" పాయింట్లు లెక్కపెట్టుకుంటూ పోతే ఈ పని పట్టుబడదు. నాది మేళ్లచెరువు. కిరాయి బండి నడుపుతాను, వచ్చిన పార్టీకి కృష్ణ ఒడ్డు చూపిస్తాను. కోదాడ దగ్గర విజయవాడ హైవే దిగి దక్షిణానికి మళ్లితే మా ఇలాకా మొదలవుతుంది. పైన వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు, నడుమ మట్టపల్లి, కింద పులిచింతల ఆనకట్టను ఆనుకున్న వజినేపల్లి. నది ఎడమ ఒడ్డు పొడుగునా నా రూటు. ఈ రూటు నాకు నేర్పింది ఒక్కటే: ఇక్కడ ప్రతిదానికీ ఒక వేళ ఉంది. ఆ వేళకు నువ్వు అక్కడుంటే ఊరు తనంతట తానే కనబడుతుంది. వేళ తప్పావా, ఎండా దుమ్మూ తప్ప పార్టీకి చూపించడానికి ఏమీ మిగలదు.

వేళతో పాటు ఇంకో పాఠం మా ఉస్తాద్ నేర్పాడు. ఆయన జీపులో జాన్‌పహాడ్‌కూ మట్టపల్లికీ భక్తులను తోలేవాడు, నేను క్లీనర్‌ని. "పార్టీ దిగకముందే నువ్వు దిగాలె బిడ్డా. దిగి ఊరి మనిషిని పలకరించాలె. ఆ మనిషి నవ్వితేనే పార్టీకి తలుపు తియ్యి" అనేవాడు. ఇవాళ్టికీ నా బండి ఏ ఊళ్లో ఆగినా నా కాలే ముందు నేల మీద పడుతుంది.

పొద్దున పని చెబుతాను, విను. మట్టపల్లి రేవుకు తెల్లవారేసరికి చేరాలి. రాత్రి వల కట్టి వచ్చిన జాలర్లు అప్పుడే పుట్టేసుకుని లోపలికి పోయి వల ఎత్తుతారు. వాళ్లు ఒడ్డుకు వచ్చేసరికి బేరగాళ్లు బుట్టలతో కాచుకుని ఉంటారు. బొచ్చె, రవ్వ, జెల్లలు, అదృష్టం ఉంటే పెద్ద వాలుగ. ఎండ ఎక్కేలోపే అంతా అమ్ముడైపోతుంది. ఒకసారి నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు పార్టీని టిఫిన్లకు ఆపి, ఫొటోలకు ఆపి, మిట్టమధ్యాహ్నం రేవులో దించాడు. బోర్లించిన పుట్టి, ఆరేసిన వల, తుమ్మచెట్టు కింద నిద్రపోతున్న మనిషి. వాళ్లు చూసింది అంతే. మరుసటి వారం అదే పిల్లవాడు నాలుగున్నరకే వచ్చి నన్ను లేపాడు. పని అలాగే వంటబడుతుంది.

చేపను నువ్వే కొనాలి, పార్టీ చేత కొనిపించకు. మొప్ప ఎత్తి చూడు: లోపల ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. ఈ మూడూ నాకు నేర్పింది రేవులోనే పుట్టి పెరిగిన ఒక జాలరి మామ. బరువు తూగుతుందని పెద్ద చేపకు ఆశపడతారు కొత్తవాళ్లు. పులుసుకు మధ్యరకమే రుచి. కొర్రమట్ట దొరికితే మాత్రం ఇంకేం వెతకకు. అది మన రాష్ట్ర చేప. ముల్లు తక్కువ, పిల్లలకు, ముసలివాళ్లకు భయం లేకుండా పెట్టొచ్చు. వానాకాలం మొదట్లో చేప గుడ్లతో ఉంటుంది. అప్పుడు చేప కావాలని పార్టీ పట్టుబట్టినా నువ్వు తలూపకు. పెద్దమ్మ ఇంట్లో నాటుకోడి ఉంటుంది.

పెద్దమ్మ అంటే నా పార్టీలకు వండిపెట్టే తల్లి. మొదట్లో నేను ముందురోజు ఫోన్ చేసి ఇన్ని కూరలు, ఇన్ని వేపుళ్లు అని చెప్పబోతే ఆమె ఒప్పుకోలేదు. "మా ఇంట్ల ఏం వండుకుంటే అదే పెడ్త. అది తినేటోళ్లనే తోల్కరా" అంది. ఆ షరతే నా రూటుకు పేరు తెచ్చింది. ఆమె చేపల పులుసు కుండలో పెడుతుంది. ముక్క వేశాక గరిటె ముట్టదు. గుడ్డతో కుండ అంచు పట్టుకుని ఒక్క చుట్టు తిప్పుతుంది. ముక్క విరగదు, పులుసు అంతటికీ అందుతుంది. జొన్నరొట్టె దగ్గర మాత్రం పార్టీని కూర్చోబెట్టి చూపించు. పిండిలో మసిలే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే మర్దించి, ముద్ద చేసి, పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ తిప్పుతుంది. రొట్టె చేతికింద తనే తిరుగుతున్నట్టు ఉంటుంది. పెనం మీద వేసి పైన తడిచేత్తో నీళ్లు అద్దుతుంది. ఆ తడి ఆరగానే తిరగేస్తుంది. రొట్టె పొంగిందంటే పిండి సరిగ్గా కలిసినట్టు. తోడుగా పచ్చిమిరపకాయ తొక్కు, పచ్చిపులుసు. పెనం మీంచి పళ్లెంలోకి వచ్చిన రొట్టె ఆ క్షణమే తినాలి. అందుకే పార్టీ చేతులు కడుక్కుని కూర్చున్నాకే పొయ్యి మీద పెనం పెట్టమంటాను.

నేలను చదవడం కూడా నేర్చుకో. మా దగ్గర ఇంటి అరుగు, గోడ, పశువుల కొట్టం, పొలం కంచె అన్నింటిలోనూ నాపరాయి కనబడుతుంది. పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఊడి వచ్చే బూడిదరంగు రాయి. కోట్ల ఏళ్ల కిందట ఇది సముద్రపు అడుగు. అప్పుడు పేరుకున్న సున్నమే ఇప్పటి సున్నపురాయి, దానికోసమే మా చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. పార్టీలు పొగగొట్టాలు చూడగానే మొహం తిప్పుకుంటారు. బండి ఆపి ఒక పలక చేతికిచ్చి ఈ కథ చెప్పు. మా ఊళ్లలో ఎన్నో ఇళ్లకు ఆ రాయే కూడు పెడుతోంది. దుమ్ము బాధ కూడా ఆ ఇళ్లదే. రెండూ చెప్పాలి. అందమైనదే చూపించి పంపితే పార్టీ సగం ఊరే చూసినట్టు.

అలాగే సాగర్ ఎడమ కాలువ గట్టు మీద కాసేపు నిలబెట్టు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. కాలువకు కిందివైపు చూస్తే కనుచూపు మేర వరి. పైవైపు చూస్తే చెల్కలు, పత్తి, మిరప. ఆ గట్టు మీద నిలబడితే నీళ్లు ఒక సీమను ఎలా మార్చాయో ఉపన్యాసం అక్కర్లేకుండా అర్థమవుతుంది. మాఘ ఫాల్గుణాల్లో అయితే మిరప కళ్లాలు చూపించు. తేజ రకం కాయలు ఆరబోస్తే నేలంతా ఎర్రటి దుప్పటే. గాలికి ఎదురుగా నిలబెట్టకు, పిల్లలను కాయ ముట్టుకోనివ్వకు, ముక్కుకు గుడ్డ కట్టించు. అదే నెలల్లో గుట్టల మీద మోదుగులు పూస్తాయి. వేసవిలో ముంజలు, వానలు వెనకపట్టాక తంగేడు, గునుగు, ఆ వెంటే సీతాఫలం, చలికాలంలో గేగులు. ఏ నెలలో ఏది దొరుకుతుందో నీ నోట్లో ఉండాలి. సీతాఫలం కోసం మార్చిలో ఫోన్ చేసిన పార్టీకి "ఇప్పుడు రాకండి సార్, దసరాకు రండి" అని చెప్పడానికి గుండె కావాలి. ఒక కిరాయి పోతుంది. ఆ మనిషి దసరాకు తప్పకుండా వస్తాడు, తోడు ఇంకో బండిని కూడా తెస్తాడు.

గుళ్ల దగ్గర నోరు తగ్గించు. మా ఊరి శంభులింగేశ్వరుడి లింగం తల మీద చిన్న గుంట ఉంటుంది, అందులో నీరు ఊరుతూనే ఉంటుంది. వాడపల్లి నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు: ఒకటి నిలకడగా వెలుగుతుంది, స్వామి ముఖం ఎత్తున ఉన్నది రెపరెపలాడుతుంది. అది స్వామి ఊపిరేనని భక్తుల నమ్మకం. పార్టీని లోపలికి పంపేముందు ఏమీ చెప్పకు. చీకటికి కళ్లు అలవాటు పడనివ్వు. ఆ తేడా వాళ్లంతట వాళ్లు గమనించి బయటికొచ్చి నిన్ను అడగాలి. అప్పుడు చెప్పే కథ వాళ్లకు జన్మంతా గుర్తుంటుంది. కృష్ణ ఒడ్డున పంచ నారసింహ క్షేత్రాలంటే వాడపల్లి, మట్టపల్లి, వేదాద్రి, మంగళగిరి, కేతవరం. వీటిలో రెండు మన రూటులోనే ఉన్నాయి.

శివరాత్రికి మా ఊళ్లో జాతర. ఎడ్ల పందేలకు రెండు రాష్ట్రాల నుంచీ జతలు వస్తాయి. పళ్ల లెక్కన తరగతులు ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, అలా పైకి. ఇచ్చిన సమయంలో జత బండను ఎంత దూరం లాగిందో కొలుస్తారు. కొత్త గైడ్లు పార్టీని నేరుగా బరి దగ్గరకు తోసుకుపోతారు, అక్కడ జనం వీపులే కనబడతాయి. నేను పందేనికి ముందు ఎడ్లు కట్టేసిన చోటికి తీసుకుపోతాను. ఉలవలు పెట్టడం, ఒళ్లు రుద్దడం, ఆ రైతు ఎద్దు చెవిలో ఏదో చెప్పడం. తన జతను ఎలా సాకాడో అడిగితే ఏ రైతైనా గంటసేపు మనసు విప్పి మాట్లాడతాడు. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు కూడా ఇదే పద్ధతి. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే దర్గా అది. చెట్ల కింద కందూరు వండుకునే కుటుంబాల పక్కన కాసేపు కూర్చోబెట్టు. పిలిచి విస్తరి వెయ్యనివాళ్లు ఉండరు.

ఈ పని నాకు వచ్చిందని నేను నమ్మిన రోజు చెబుతాను. పులిచింతల ప్రాజెక్టు, అదే కె.ఎల్.రావు సాగర్, 2013 డిసెంబర్‌లో ప్రారంభమైంది. నిల్వ 45.77 టీఎంసీలు. దాని వెనక నిలిచిన నీళ్లకు వెల్లటూరు, నెమలిపురి, చింత్రియాల లాంటి మా పక్క ఊళ్లు పాత చోటు వదిలి లేచిపోయాయి. అమెరికాలో స్థిరపడిన ఒక పెద్దాయన తన మనవలకు పుట్టిన ఊరు చూపించాలని వచ్చాడు. చూపించడానికి ఊరు లేదు, నీళ్లున్నాయి. నేను ఆయన్ను గుట్టల్లో జీవాలు మేపే ఒక గొల్ల తాత దగ్గరకు తీసుకుపోయాను. తాత గుట్ట మీద నిలబడి కర్రతో గీత గీసినట్టు చూపించాడు. "గా ఒంటి గుట్టకు సూటిగ రా. ఆడ మీ చావడి. దాని కింద బావి. గా మలుపు కాడ మీ మిరపతోట." పెద్దాయన ఒక్కో పేరు పట్టుకుని మనవలకు చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దు గూకేదాకా చెబుతూనే ఉన్నాడు. నేను ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేదు. సరైన మనిషిని సరైన వేళకు కలిపితే మన పని అయిపోయినట్టే.

ఊరి మనుషులే ఊరు చూపించడం వేరే చోట్ల కూడా ఉంది. ఇటలీ వెళ్లొచ్చిన ఒక డాక్టరమ్మ నాకు అక్కడి లోయల సంగతి చెప్పింది. అక్కడ రైతే తన ఇంట్లో గది ఇచ్చి, తన పొలంలో పండిందే వండిపెడతాడట. దానికి 1985లోనే అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. మన పాత నల్లగొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. మగ్గం పని చూడటానికి అక్కడికి జనం పోతున్నప్పుడు, వల ఎత్తడం, రొట్టె తట్టడం చూడటానికి మా ఒడ్డుకు ఎందుకు రారు? వస్తారు. చూపించేవాళ్లు తయారవ్వాలి.

ఇక కచ్చితంగా పాటించాల్సినవి రెండు. నీటి విషయంలో ధైర్యం చెయ్యకు. పైన సాగర్ నుంచి నీళ్లు వదిలితే ఒడ్డు చూస్తుండగానే మునుగుతుంది. 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి వరదకు కొట్టుకుపోయింది. నది బలం ముందు ఉక్కే ఆగలేదు. జాలరి వద్దన్న చోట పార్టీ కాలు తడవకూడదు. రెండోది డబ్బు. కిరాయి చేతికి రాగానే పెద్దమ్మది, జాలరి మామది, తాతది ముందు పక్కన పెట్టు, ఆ తర్వాతే నీ డీజిల్, నీ బత్తా. వాళ్లు చూపిస్తే నువ్వు తిప్పుతున్నావు. వాళ్ల చెయ్యి నిండితేనే రేపు వాళ్ల గుమ్మం నీకు తెరుచుకుంటుంది.

మొత్తం లోయ ఒకేసారి నేర్చుకోవాలని ఉబలాటపడకు. ఒక్క ఊరు ఎంచుకో. అందులో ఎవరి పొయ్యి ఎప్పుడు రాజుకుంటుందో, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ రేవుకు వల ఎప్పుడు వస్తుందో ఏడాది పొడుగునా తిరిగి తెలుసుకో. ఆ ఊళ్లో పిల్లలు నీ బండి హారన్ గుర్తుపట్టినప్పుడు నన్ను కలువు. రెండో ఊరు నేనే చూపిస్తాను.