గోదారి మట్టం, మొదటి ప్రోగ్రాం

భద్రాచలం చుట్టుపక్కల పుట్టి పెరిగిన పిల్లలకు ఎవరూ నేర్పకుండానే నోటికొచ్చే అంకెలు మూడు: 43, 48, 53. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు వైపు జులై వచ్చిందంటే అన్నం దగ్గర కూడా ఇదే లెక్క. 1986లో 75.6 అడుగులు వచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. 2022 జులైలో 71.3 అడుగుల నీళ్లను ఈ పిల్లలే కళ్లారా చూశారు.

వీళ్లే ఇంటర్ అయ్యాక ఖమ్మమో కొత్తగూడెమో వెళ్లి ఇంజనీరింగ్‌లో చేరతారు. కొత్తగూడెంలో బొగ్గు గనుల కోసం స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కాలేజీ కంప్యూటర్ సైన్సు దాకా ఎదిగి, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. దాదాపు ఏ కాలేజీలో చేరినా మొదటి ఏడాదిలోనే ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లం సాల్వింగ్’ అనే సబ్జెక్టు ఎదురవుతుంది. భాష చాలాచోట్ల సి, 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసింది. ల్యాబ్ రికార్డులో ముందుగా ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్, పాలిండ్రోమ్, ఫిబొనాకీ. 153లోని మూడంకెల ఘనాలూ కలిపితే మళ్లీ 153 రావడం ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు అంటూ మెట్టు మీద మెట్టు ఎక్కి వచ్చిన అమ్మాయికి ఆ లెక్క ఎందుకో తెలియకపోతే బట్టీ పట్టడమొక్కటే దారి. బట్టీతో ఎక్స్‌టర్నల్ పరీక్ష గట్టెక్కవచ్చు, ప్రోగ్రాం రాయడం మాత్రం రాదు.

అందుకే ఈ ప్రాంతపు కాలేజీల్లో మొదటి ప్రోగ్రాం గోదారి మట్టం మీద ఉండాలంటాను.

రాసి చూస్తే తెలుస్తుంది. మట్టం 43 లేక అంతకన్నా ఎక్కువైతే మొదటి హెచ్చరిక, లేకపోతే 48 చూడు, అదీ కాకపోతే 53 చూడు. దాదాపు అందరూ ముందు ఈ వరసలోనే రాస్తారు. కంపైల్ అవుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. మట్టం 60 అని ఇచ్చి నడిపిస్తే స్క్రీన్ మీద ‘మొదటి హెచ్చరిక’ అని వస్తుంది. క్లాసంతా ఒక్కసారిగా గోల: “సార్, అరవై అంటే మూడోది ఎప్పుడో దాటిపోయింది!” 60 కూడా 43 కన్నా ఎక్కువే గనక మెషీన్ మొదటి షరతు దగ్గరే ఆగిపోయింది, మిగతావి చూడనే లేదు. 53 ముందు అడగాలి, తర్వాత 48, ఆ తర్వాత 43. ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్ తప్పొస్తే పిల్లలు మాస్టారి మొహం చూస్తారు. గోదారి లెక్క తప్పొస్తే తామే తప్పు వెతుకుతారు, ఎందుకంటే సరైన జవాబు వాళ్లకు ముందే తెలుసు.

మిగతా పాఠాలు కూడా ఆ నీళ్లలోంచే వస్తాయి. మట్టం 50 ఉందనుకుందాం. పెరుగుతూ అక్కడికి వచ్చిందా, తగ్గుతూ వచ్చిందా? పెరుగుతుంటే రెండో హెచ్చరిక జారీ చేసినట్టు, 53 దాటాక తగ్గుతుంటే మూడోది ఉపసంహరించినట్టు. పెరుగుతోందో తగ్గుతోందో తేల్చాలంటే గంట క్రితం మట్టం ఎంతో గుర్తుండాలి. ఇంకో వేరియబుల్ అవసరం అక్కడ పుడుతుంది. గంటగంటకూ రీడింగ్ తీసుకోవాలంటే లూప్, వాటన్నిటినీ దాచుకోవాలంటే ఎరే, వరద ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలంటే అందులో గరిష్ఠం వెతకడం. సిలబస్ పూర్తి కాదన్న బెంగ అక్కర్లేదు, ఇవన్నీ సిలబస్‌లో ఉన్న అధ్యాయాలే. భాష సి అయినా పైథాన్ అయినా తేడా లేదు.

సెమిస్టర్ చివర్లో అడవి వైపు చూడమంటాను. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా రావాలంటే, షెడ్యూల్డ్ తెగలవారు 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమిని సాగు చేస్తూ ఉండాలి. ఇతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అడవిలోనే ఉంటూ దాని మీద బతికి ఉండాలి. హక్కు 4 హెక్టార్లకు మించదు. ఇందులో ‘మరియు’ ఎక్కడ, ‘లేదా’ ఎక్కడ అని పిల్లలు విడగొట్టి రాస్తే, ఇంట్లో ఏళ్ల తరబడి నలుగుతున్న మాట ముక్కలు ముక్కలుగా కళ్లముందు నిలుస్తుంది.

ఈ క్లాసులో కూర్చున్న అందరూ హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేయరు, చేయాల్సిన పనీ లేదు. కానీ రేషన్ కార్డు, పింఛను, స్కాలర్‌షిప్ దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లో షరతుల మీదే వడపోతకు వెళ్తున్నాయి. ‘సిస్టంలో రావట్లేదమ్మా’ అన్న జవాబు విని అమ్మానాన్నలు ఉత్త చేతులతో వెనుదిరుగుతున్నారు. ఆ కౌంటర్ ముందు నిలబడి “ఏ షరతు దగ్గర ఆగిందో చూపించండి” అని మర్యాదగా, గట్టిగా అడిగే పిల్ల ప్రతి ఊళ్లో ఒకరుండాలి. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ క్లాసు ఆ పిల్లను తయారు చేయగలదు, చేయాలి.