ఐసు లేని ఆరు నెలలు

మా మినియాపోలిస్‌లో మార్చి నెలాఖరుకి కాలేజీ హాకీ అయిపోతుంది. బయట మంచు ఇంకా కరగదు, లోపల ఐసు మాత్రం కరిగిస్తారు. మళ్ళీ సెప్టెంబరు చివర్లో గానీ ఆట మొదలవదు. "అయితే ఈ మధ్యలో మీ హాకీ జనం ఏం చేస్తారే?" అని ఒకసారి మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్లో అడిగింది.

"కబుర్లు చెప్పుకుంటాం."

"ఆడని ఆట గురించి ఆరు నెలలు కబుర్లా?" అంది. ఎన్నికలు లేని రోజుల్లో మా నాన్న అరుగు మీద కూర్చుని సాయంత్రాలు ఏం మాట్లాడేవాడో ఆవిడకి గుర్తు చేయాల్సి వచ్చింది.

హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి, కర్ర. 1999లో ఇక్కడికి వచ్చేదాకా ఐసు మీద కూడా హాకీ ఆడతారని, అందులోనూ ఆడపిల్లలు ఆడతారని తెలియదు. మాకు అమ్మాయి పుట్టి, దానికి ఎనిమిదేళ్ళు వచ్చాక, స్కూల్లో స్నేహితురాళ్ళని చూసి "నేనూ ఆడతా" అంది. చలికాలం ఇంట్లో కూర్చుని టీవీ చూసేకన్నా నయమే కదా అని చేర్పించాం. అదేమో ఏరి కోరి గోల్ కీపర్ అవుతానంది. వాళ్ళకి మామూలు సరంజామా చాలదు, కాళ్ళకి పరుపుల్లాంటి ప్యాడ్లు కూడా కావాలి. ఆ ఖరీదు విని మా ఆయన రెండు రోజులు మౌనవ్రతం పట్టారు.

దాని కోసమే మిన్నెసోటా యూనివర్సిటీ అమ్మాయిల టీము, గోఫర్స్ ఆటలకి వెళ్ళడం మొదలుపెట్టాం. వాళ్ళు ఆడేది రిడ్డర్ ఎరీనాలో. 2002లో కట్టారు, కాలేజీ అమ్మాయిల హాకీ కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి ఎరీనా అదే. ఎంత చిన్నదంటే, పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ గోడకి తగిలితే మన దవడలో వినిపిస్తుంది. 2012-13 సీజనులో గోఫర్స్ 41 ఆటలు ఆడి 41 గెలిచారు. ఆఖరి ఆట, బోస్టన్ యూనివర్సిటీ మీద, మా రిడ్డర్‌లోనే. గోల్లో ఫిన్లాండ్ అమ్మాయి నూరా రాటీ. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. ఆట మొత్తం రాటీని తప్ప ఇంకెవరినీ చూడలేదు.

మా పక్క సీటులో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ చుట్టూ ఒక ఏడెనిమిది మంది. రిటైరైన టీచర్లు, ఒక బస్సు డ్రైవరు, మనవరాళ్ళు హాకీ ఆడే తాతలు. వేసవిలో నెలకోసారి ఆవిడ ఇంటి వెనక డెక్కు మీద చేరతారు. తలా ఒక వంటకం తెస్తారు. నేను పులిహోర పట్టుకెళ్ళేదాన్ని, దాన్ని వాళ్ళు 'పసుపు సలాడ్' అని పిలిచేవారు. ఇంగ్లీషులో 'నువ్వు', 'మీరు' రెండూ ఒకటే గానీ, ఆవిడ మాట్లాడితే నా చెవికి 'నువ్వు' అనే వినిపించేది. నేను ఇంగ్లీషులోనే ఎలాగో 'అండీ' కలిపేదాన్ని.

కబుర్లంటే ఏముంటాయి? ఎవరు గ్రాడ్యుయేట్ అయి వెళ్ళిపోతున్నారు, ఎవరు కొత్తగా వస్తున్నారు, ఒలింపిక్స్ ఏడాది గనక ఎవరు కాలేజీ మానేసి జాతీయ జట్టుకి పోతారు, విస్కాన్సిన్ వాళ్ళకి ఈసారి ఎంత పొగరుంటుంది. ఇవే, తిప్పి తిప్పి.

నార్త్ డకోటా కూడా తరచు వచ్చేది. గోఫర్స్ వరసగా 62 ఆటలు గెలిచాక, 2013 నవంబరులో, రిడ్డర్‌కే వచ్చి ఓడించిన టీము అది. అంతకన్నా పెద్ద కోపం ఇంకొకటి. లామరూ అక్కచెల్లెళ్ళని కవలలు, గ్రాండ్ ఫోర్క్స్ పిల్లలు, మొదటి ఏడాది గోఫర్స్‌కి ఆడి, తర్వాత సొంతూరి యూనివర్సిటీ నార్త్ డకోటాకి వెళ్ళిపోయారు. పెళ్ళిలో అలిగి వెళ్ళిపోయిన బంధువుల గురించి చెప్పినట్టు చెప్పేవారు ఈ సంగతి, ప్రతి వేసవీ.

2017 మార్చి 29న ఆ నార్త్ డకోటా అమ్మాయిల టీమునే తీసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. రాష్ట్రం నిధులు తగ్గాయి, ఖర్చు తగ్గించుకోవాలి అన్నారు. హాకీతో పాటు ఈత జట్లు కూడా పోయాయి. ఆ వేసవి మొదటి సమావేశంలో ఎవరూ జోకులు వెయ్యలేదు. ఎదురింటివాళ్ళతో ముప్ఫై ఏళ్ళు తగువులాడిన మనిషి, వాళ్ళు ఇల్లమ్ముకుని పోతుంటే గుమ్మంలో నిలబడిపోయినట్టు ఉన్నారు అందరూ. టీములో ఉన్న పిల్లలు వేరే కాలేజీలు వెతుక్కుంటారు సరే, అక్కడ చేరదామని ఆశపడ్డ పదహారేళ్ళ పిల్లల గతేమిటి అన్నాడు బస్సు డ్రైవరు.

పెద్దావిడ నా వైపు తిరిగింది. "మీ అమ్మాయికీ పదహారే కదా? మానేసి రెండేళ్ళయింది. మళ్ళీ ఆడాలని అడగలేదా?"

వాళ్ళందరికీ నేను చెప్పింది, చదువు ఎక్కువై అదే మానేసిందని. అది అబద్ధం. తొమ్మిదో క్లాసులో చేరేముందు నేనే మాన్పించాను. పొద్దున్న అయిదింటికి ప్రాక్టీసు, వారాంతం మొత్తం ఎక్కడో డులూత్‌లోనో రోచెస్టర్‌లోనో ఆటలు, మన పిల్లలందరూ లెక్కల పోటీలకి వెళ్తుంటే మనది ఐసు మీద పాకుతోందని నాకు బెంగ. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు ఏడవలేదు, అది చూసి సర్దుకుందనుకున్నాను. దాని సీటు వదులుకుని, నాది మాత్రం ఏటేటా రెన్యూ చేసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. కూతురి ఆట మాన్పించి ఊళ్ళోవాళ్ళ కూతుళ్ళ ఆటకి చప్పట్లు కొట్టే తల్లిని మీరెక్కడా చూసి ఉండరు.

ఆ సాయంత్రం మొత్తం చెప్పేశాను. ఎందుకో నార్త్ డకోటా సంగతి విన్నాక దాచబుద్ధి కాలేదు.

ఆవిడ కాసేపు ఊరుకుంది. చిన్నప్పుడు అన్నయ్య స్కేట్లలో గుడ్డలు కుక్కుకుని చెరువు మీద ఆడేదట. మిన్నెసోటా హైస్కూళ్ళు అమ్మాయిల హాకీని గుర్తించింది 1994లో. ఈ విషయంలో అన్ని రాష్ట్రాల కన్నా ముందు మాదే. అప్పటికే ఆవిడకి యాభై దాటాయి. ఇవన్నీ నాకు ముందే తెలుసు, అయినా మళ్ళీ చెబుతుందేమో, చెప్పి దెప్పుతుందేమో అనుకున్నాను.

"ప్యాడ్లు ఏం చేశావు?" అంది.

"అమ్మేశాను."

"ఎంతకి?"

"నూట ఇరవై డాలర్లకి."

"మరీ తక్కువకి ఇచ్చేశావు" అని పులిహోర వడ్డించుకుంది.

మర్నాటి ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ఫైనలు, అమెరికా, కెనడా. మనకి అర్ధరాత్రి దాటింది. మూడో పీరియడ్‌లో స్కోరు సమం చేసింది మోనిక్ లామరూ. షూటవుట్‌లో గెలిపించిన గోలు జోస్లిన్ లామరూది. 1998 తర్వాత అమెరికా అమ్మాయిలకి అదే మొదటి స్వర్ణం. వాళ్ళు కాలేజీలో ఆడిన టీము అప్పటికి లేదు. మా అమ్మాయి వాళ్ళిద్దరినీ చూడలేదు, గోల్లో ఉన్న మ్యాడీ రూనీనే చూస్తోంది. ఆ పిల్ల మా మినియాపోలిస్ పక్కనున్న ఆండోవర్ పిల్ల. కెనడా ఆఖరి షాటు వస్తుంటే సోఫాలో మా దాని మోకాళ్ళు రెండూ దగ్గరికి కదిలాయి.

"నిన్ను మాన్పించకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఇప్పుడెందుకులే అమ్మా, రేపు కాలిక్యులస్ పరీక్ష" అని పైకి వెళ్ళిపోయింది. అంతే. అంతలో ఫోను మోగింది. పెద్దావిడ. "మన పిల్లలే గెలిపించారు" అంది. లామరూలు మళ్ళీ మా వాళ్ళైపోయారు.

తర్వాత చాలా జరిగాయి. 2024 జనవరిలో అమ్మాయిల ప్రొఫెషనల్ లీగు మొదలై, మొదటి రెండు కప్పులూ మిన్నెసోటాయే గెలిచింది. దానితో మా వేసవి కబుర్లకి సరుకు పెరిగింది. అమ్మాయి ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, నాతో చెప్పకుండా, సెకండ్ హ్యాండ్ ప్యాడ్లు కొనుక్కుంది. నేను అమ్మిన ధరకి నాలుగింతలు పెట్టి. పెద్దవాళ్ళ లీగులో ఆడుతోంది. వీళ్ళకి ఐసు దొరికేది రాత్రి పదిన్నరకి.

మొన్నటి జులైలో పెద్దావిడని కారెక్కించుకుని ఒక ఆటకి తీసుకెళ్ళాను. బయట ఉక్క. లోపల స్వెట్టర్లు వేసుకుని, మోకాళ్ళ మీద ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. చూసేవాళ్ళం మొత్తం నలుగురం. మా అమ్మాయి అయిదు గోల్సు ఇచ్చింది.

"ఆ ఆరోది ఎలా ఆపిందో చూశావా!" అని నా చెయ్యి పట్టుకుంది ఆవిడ.

పులిహోర డబ్బా మూత రాక తిప్పుతున్నాను. "చూడలేదండీ" అన్నాను.

చేతికర్ర ఐసులో గోల్ కీపర్ కర్రలా పట్టుకుని, ఎడమ మోకాలు ఎలా మడిచిందో, పక్ ఎటు పోయిందో చూపిస్తూ, పార్కింగ్ లాటు దాకా ఆవిడ ఆ ఒక్కటే చెబుతూ నడిచింది.