తెరమీది అంగడి – తొట్టిలోని చేప

మన సంఘము వెలువరించు ఇట్టి సంచికలలో పెద్దలు భాషను గూర్చియు, పూర్వుల వలసలను గూర్చియు, పండుగలను గూర్చియు వ్రాయుట పరిపాటి. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ఒక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. కనుక మాకు తెలిసిన చిన్న సంగతిని తెలిసినంతవరకు విన్నవించెదము. అది రంగుచేపల సంగతి. వానిని, వానితోడి నీటిమొక్కలను ఆన్‌లైన్ అంగడిలో అమ్మబోయినవారికి కలుగు చిక్కుల సంగతి. ఇది అల్పవిషయమని కొందరికి తోచవచ్చును. కాని మాట, నమ్మకము, ప్రాణము అను మూడింటితోను దీనికి సంబంధము కలదు.

మా తాతగారు నెల్లూరు సీమనుండి చెన్నపట్టణము వచ్చి పెరంబూరున స్థిరపడిరి. పెరంబూరునకు సమీపముననే కొళత్తూరు ఉన్నది. రంగుచేపల పెంపకమునకును, వర్తకమునకును దేశమున పేరుబడిన చోట్లలో అదియొకటి. ఈ నగరమునకు చేపలను అద్దముల వెనుక నుంచి చూచు వేడుక క్రొత్తది కాదు. 1909లోనే మెరీనా తీరమున మత్స్యప్రదర్శనశాల నొకదానిని తెరచిరి. అది రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడెను. సెంట్రల్ స్టేషను ప్రక్క నుండిన మూర్ మార్కెట్టులో, 1985లో అది అగ్నికి ఆహుతియగు వరకు, పాతపుస్తకములతో పాటు పక్షులను, కుక్కపిల్లలను, రంగుచేపలను అమ్ముచుండెడివారు. మా బాల్యమున నాయనగారు మమ్ము అచ్చటికి తీసికొనిపోవుచుండెడివారు. కొనువాడు సీసాను వెలుతురునకు ఎత్తి చూచెడివాడు. చేప తోక విప్పి ఈదుచున్నదా, మేత అందుకొనుచున్నదా యని పరీక్షించెడివాడు. అమ్మువాడు ఎదుటనే నిలిచియుండెడివాడు. బేరము ఉండెడిది, వాదము ఉండెడిది, మరునాడు చేప చచ్చిన పోయి నిలదీయుటయు ఉండెడిది. అయినను ఒకరి మొగము ఒకరికి తెలిసియుండెడిది.

ఉద్యోగము విరమించిన పిదప మేము మిద్దెమీద 12 తొట్లు కట్టించి గప్పీలను, మోలీలను, ఫైటరు చేపలను, వానితోపాటు నీటిమొక్కలను పెంచనారంభించితిమి. గప్పీ గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. దక్షిణ అమెరికా ఉత్తరభాగమునుండియు, ట్రినిడాడ్ దీవినుండియు లోకమంతట వ్యాపించిన జాతి యిది. ఇంచుమించు నాలుగు వారములకొక కాన్పు. కనుక పెంచువానికి చేపలు చాలవను చింత లేదు; తొట్లు చాలవను చింతయే కలదు. దుకాణదారులు జతకు ఇచ్చునది మేత ఖర్చునకు సరిపోదు. అందుచేత 2021లో మా మేనల్లుడు మా చేపల ఛాయాచిత్రములు తీసి, సెల్‌ఫోనులోని ఒక పేరుగల అంగడిలో ప్రకటన పెట్టినాడు. మా చిక్కులు అచ్చటినుండి మొదలు.

మొదటి ప్రకటన మూడు గంటలకు మించి నిలువలేదు. జీవజంతువుల విక్రయము తమ నియమములకు విరుద్ధమని ఒక సందేశము వచ్చెను. ఎవరు వ్రాసిరో తెలియదు. జవాబు వ్రాయుటకు చిరునామా లేదు. నలువది ఏండ్లు ఫైళ్ళమీద సంతకములు చూచిన కండ్లకు సంతకములేని ఉత్తరువు వింతగా తోచినది. అయినను ఆ నియమము వెనుక న్యాయము లేకపోలేదని చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నక్షత్ర తాబేలును పట్టుటయు, అమ్ముటయు నేరము. ఆ జాతి దొంగ రవాణా వలన క్షీణించుచుండుటచే 2019లో దానిని అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధమున చేర్చి, దేశముల నడుమ వర్తకమును నిషేధించిరి. అట్టివానిని దొంగచాటుగా అమ్మజూచువారు ఉన్నారు గనుక అంగడి నడుపువారు భయపడుట సహజమే. కాని ప్రకటనలను జల్లెడపట్టునది యంత్రము. అడవిలో పట్టిన తాబేలును, తొట్టిలో పుట్టి తొట్టిలో పెరిగిన గప్పీని అది ఒక్కగాటనే కట్టివేయును.

ఈ జల్లెడను తప్పించుకొనుట ఎట్లో తెలిసినవారు తెలిసినట్లు చేయుచున్నారు. కొందరు "ఖాళీ తొట్టి అమ్మబడును" అని వ్రాసి ఛాయాచిత్రమున మాత్రము చేపలను చూపుదురు. కొందరు చేపను "అలంకార వస్తువు" అందురు. మా మేనల్లుడును అట్లే చేయుదమనెను. మేము వలదంటిమి. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసిన ప్రకటన తొలగిపోవును, లేనిదానిని కల్పించిన ప్రకటన నిలుచును అన్నచో, ఆ అంగడి మనుష్యులకు నేర్పు పాఠ మెట్టిదో చదువరులే ఊహింపగలరు. చివరకు జీవములకు అనుమతిగల మరియొక చోట, ఉన్నది ఉన్నట్లుగా ప్రకటన వేసితిమి.

ఇక కొనువారి సంగతి. గేదె చెరువులో, బేరము గట్టుమీద అని మనవారు సామెత చెప్పుదురు. నేటి బేరమునకు గట్టు కూడ లేదు. గుమాస్తాగిరి అలవాటు చొప్పున ఒక నెల వచ్చిన విచారణలన్నిటిని చిట్టాలో వ్రాసితిమి. మొత్తము 63. అందులో 41 మంది "చివరి ధర ఎంత?" అని మాత్రము అడిగి, చెప్పిన పిదప మాటాడలేదు. మొదటి ధర ఎంతయో అడుగకయే చివరి ధర అడుగుట ఈ అంగడి మర్యాద. 11 మంది ఊరికి పంపగలరా యని అడిగిరి. తక్కిన 11 మంది తామే వచ్చెదమనిరి, వచ్చినవారు నలుగురు. రానివారికొరకు మేము చేపలను వలపట్టి, సంచులలో నింపి, ప్రొద్దుగూకువరకు కాచి, తిరిగి తొట్లలో విడిచితిమి. బియ్యమును మూటగట్టి మరల విప్పిన బియ్యమునకు నష్టము లేదు. చేపను పట్టి విడిచిన ప్రతిసారి దాని ఒంటిమీది జిగురు చెదరి, రోగమునకు త్రోవ యేర్పడును. వత్తుమని రాకుండుట కొనువానికి చిన్న మరపు. తొట్టిలోని ప్రాణికి అది దెబ్బ.

మోసగాండ్రును ఉన్నారు. సైనికోద్యోగినని చెప్పుకొని ఒకడు ధర అడుగకుండనే అన్ని జతలు కొనెదననెను. సొమ్ము పంపుచున్నాను, ఈ గళ్ళబొమ్మను సెల్‌ఫోనుతో చూచి రహస్యసంఖ్యను నొక్కుడు అని ఒక చిత్రము పంపెను. సొమ్ము చెల్లించుటకు రహస్యసంఖ్య కావలెను గాని, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఒక్క మాట మన వయసువారందరును గుర్తుంచుకొనవలెను. మేము ఫోను పెట్టివేసితిమి.

దూరపు ఊళ్ళకు పంపుట వేరొక విద్య. పంపుటకు ముందు ఒక దినము చేపకు మేత ఆపవలెను. లేనియెడల సంచిలోని నీరు మలినమగును. సంచిలో మూడవవంతు నీరు, రెండువంతులు ప్రాణవాయువు నింపి, దానిని మరొక సంచిలో నుంచి, థర్మోకోల్ పెట్టెలో సర్దవలెను. 25 డిగ్రీల వేడిమిగల మంచినీటిలో లీటరునకు 8 మిల్లిగ్రాములకు కొంచెము మించి ప్రాణవాయువు కరగియుండగలదు; 35 డిగ్రీలలో 7 మిల్లిగ్రాములే. వేడి పెరిగిన కొలది చేపకు కావలసినది హెచ్చును, నీటిలో దొరకునది తగ్గును. చేప విడుచు బొగ్గుపులుసు వాయువు సంచి నీటిని ఆమ్లముగా నుంచును. ఆ స్థితిలో మలినమునుండి పుట్టిన అమోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి, అమోనియా విషమగును. కావున విప్పని సంచిని పదునైదు ఇరువది నిమిషములు తొట్టినీటిపై తేల్చి, పిదప మూతి విప్పి, ఆలసింపక చేపలను వలతో ఎత్తి తొట్టిలో విడిచి, సంచినీటిని పారబోయవలెను. ఈ సంగతులన్నియు తెలుగున, అరవమున, ఇంగ్లీషున వ్రాసి ప్రతి పెట్టెపైన అంటించుచుంటిమి.

ఒక మే నెలలో హోసూరునకు పది జతల గప్పీలను పంపితిమి. మరునాడు చేరవలసిన పెట్టె కొరియరువారి గోదాములో నిలిచి మూడవనాటికి చేరెను. 20 చేపలలో 17 చచ్చినవి. కొనినవాడు అంగడిలో మా పేరుక్రింద ఒకే నక్షత్రము వేసి, చచ్చిన చేపల ఛాయాచిత్రమును పెట్టెను. మేము వెంటనే 600 రూపాయలు తిరిగి పంపి, ఫోను చేసితిమి. అరవమున మొదలిడిన మా మాటను మధ్యలో ఆపి అతడు తెలుగున అడిగెను: "మీరు మనోళ్ళేనా అన్నా?"

"ఔను తమ్ముడూ. మాది నెల్లూరు సీమ. ఇక్కడ మూడు తరాలైంది."

"డబ్బు సంగతి కాదన్నా. పిల్లలు తొట్టి కడిగి పెట్టుకొని మూడు దినాలుగా కాచుకొని ఉండారు. పెట్టె విప్పింది వాళ్ళే."

ఆ మాటకు జవాబు మాకు దొరకలేదు. ఏ కొరియరు రసీదులోను దానికి పరిహారము వ్రాసిలేదు. రెండు మాసముల తరువాత అతడు బంధువుల పెండ్లికి చెన్నపట్టణము వచ్చి, మా యిల్లు వెదకికొని వచ్చెను. తొట్లన్నిటిని చూచి, తన చేతితో ఆరు జతలను ఏరుకొనెను. రాత్రి బస్సులో సంచిని ఒడిలో పెట్టుకొని ప్రయాణము చేసినాడట. తెల్లవారిన పిదప ఫోను చేసి, "అన్నీ బాగుండాయన్నా" అని చెప్పెను. మా పేరుక్రింద ఆ ఒక్క నక్షత్రము నేటికిని అట్లే యున్నది. దానిని మార్చు విధము అతనికిని తెలియలేదు, మాకును తెలియలేదు.

మొక్కలను పంపుట కొంత సులభము. వేళ్ళకు తడికాగితము చుట్టి సంచిలో నుంచిన జావా ఫెర్న్, అనూబియాస్ వంటివి కొన్ని దినములు తాళును. కాని తెరమీది చిత్రమునకును, చేతికి వచ్చిన మొక్కకును పోలిక లేదని ఫిర్యాదు తప్పదు. పెక్కు నీటిమొక్కలను పెంచువారు నీటి వెలుపల, తడిగాలిలో పెంచుదురు. నీట నాటినపుడు పాత ఆకులు కరగిపోయి, క్రొత్త ఆకులు వేరు రూపమున వచ్చును. క్రిప్టోకోరైన్ జాతి మొక్క చోటు మారినంతనే ఆకులు రాల్చును. వేరు బ్రతికియున్నచో కొన్ని వారములలో మరల చిగిర్చును. ఈ ఓర్పు కొనువారికి ముందుగా చెప్పిన, మొక్క చచ్చినదని సొమ్ము వాపసు అడుగువారు కొంత తగ్గుదురు.

అమ్మకూడని బేరములును కలవు. తొట్టి పాచిని తినునని పేరుపడిన సక్కరు చేపను పలువురు అడుగుదురు. చిన్నదిగా కొనినది మూరెడు పెరిగిన పిదప దానిని చెరువులోనో కాలువలోనో విడుతురు. కృష్ణలోను, కొల్లేటిలోను బెస్తవారి వలలను చించుచు, దెయ్యపు చేప యని తిట్లు తినుచున్నది ఇదియే. తెరమీది అంగడిలో కొనువాని తొట్టి యెంతటిదో, చేప పెరిగినపుడు ఏమి చేయునో అడుగు గడి లేదు. ఎదుట నిలిచిన అమ్మకందారు ఆ మాట అడుగగలడు; అడుగవలెను.

ఈ నాలుగేండ్ల అనుభవమున మాకు తెలిసినది ఇది. ఆన్‌లైన్ అంగడి చెడ్డదని మేము అనము. పుస్తకమునకు, గడియారమునకు అది మంచిదే. అది లేనిచో హోసూరు తమ్ముడు మాకు తెలియువాడే కాడు. కాని అందులో ధరకు గడి ఉన్నది, రంగునకు గడి ఉన్నది, బరువునకు గడి ఉన్నది. ప్రాణమునకు గడి లేదు. ఆలస్యమైన వస్తువు ఆలస్యముగా చేరును; ఆలస్యమైన చేప చేరదు. కనుక ప్రాణిని అమ్మువానికిని, కొనువానికిని నడుమ ఒక మాట, ఒక మొగము ఉండవలెను.

ఇప్పుడు మేము వేసవిలో దూరపు ఊళ్ళకు చేపలను పంపుట మానితిమి. వచ్చి చూచి తీసికొనిపోవువారికే ఇచ్చుచున్నాము. ఆదాయము సగమునకు తగ్గినది. చచ్చిన చేపల లెక్క మా చిట్టాలో ఇంచుమించు లేకుండ పోయినది. మన సంఘ కుటుంబములలో పిల్లలున్నవారు తొట్టి పెట్టదలచినచో, ముందు తొట్టిలో నీరు నింపి మూడు నాలుగు వారములు నిలువనిచ్చి, మొక్కలు నాటి, కొద్దిపాటి చేపలతో నీటికి మెల్లగా అలవాటు కలిగించి, పిదప తక్కినవానిని చేర్చవలెను. దగ్గరనున్న పెంపకపువారి యింటికి పిల్లలను వెంటబెట్టుకొని పోయి, వారిచేతనే ఏరింపుడు. పెరంబూరు వచ్చువారికి మా మిద్దె తలుపు తెరచియే యుండును. జతకు ధర ఎంతయని అడుగవచ్చును. చివరి ధర మాత్రము అడుగవలదు.