బిడ్డకు గిటారు కొనిచ్చే ముందు రైతన్నలు చూసుకోవాల్సిన సంగతులు



టమోటా నారు గురించి, డ్రిప్పు గురించి, పాల బిల్లు గురించి రాసేవాడు ఈరోజు గిటారు గురించి రాస్తా ఉండాడేమి అని నవ్వుకోవద్దండి. ఈ నెలలో మన చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి ముగ్గురు రైతులు నాకు ఫోన్ చేసి ఇదే అడిగినారు. "అన్నా, మీ తమ్ముని కూతురికి గిటారు కొనిచ్చినావంట కదా, ఎంతయింది, యాడ తెచ్చినావు, మా వాడూ అడుగుతా ఉండాడు" అని. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్తే సగం మర్చిపోతారు. అందుకే అంతా ఒకచోట రాస్తా ఉండా. రొంత పొడవుగానే ఉంటుంది, పాలు పోసి వచ్చినాక తీరిగ్గా చదవండి.

పల్లెటూరి బిడ్డకు గిటారు ఎందుకు అనేవాళ్లు శానామంది ఉండారు. మన బోయకొండ గంగమ్మ జాతరలో పలకలు మోగితే కాలు నిలవని వాళ్లం మనం. ధనుర్మాసం వస్తే తెల్లవారుజామున భజన గుడిలో తాళం పట్టుకునేది మనమే. పక్కనే మదనపల్లెలో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి రాసినాడు. ఆ కాలేజీ ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ అనే ఆమె దాని రాగానికి స్వరాలు కట్టి కాగితం మీద పెట్టింది. దేశం మొత్తం లేచి నిలబడే పాటకు స్వరం రాసింది మన తావే అయినప్పుడు, మన బిడ్డ ఒక వాయిద్యం పడతానంటే వింత ఏముంది?

గిటారు అంటే సినిమాల్లో హీరో తిప్పే వస్తువు అని కూడా అనుకోవద్దు. ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు గిటారు వాయించి బతికినాయన. మన పక్క చర్చీల్లో ఆదివారం పాటకు గిటారు పట్టే పిల్లోళ్లు ప్రతి ఊర్లోనూ ఉండారు. నాకు ఈ విషయంలో సాయం చేసింది అట్లాంటి పిల్లోడే. ఆ సంగతి చెప్తాను.

మా తమ్ముని కూతురు ఈ ఏడు పది పాసయి సర్కారు జూనియర్ కాలేజీలో చేరింది. ఆ పాపకు స్నేహితురాలు ఒక పాత గిటారు ఇచ్చింది. ఫోనులో పాఠాలు చూసి రెండు నెలలు కష్టపడింది. ఒకరోజు మా ఇంటికి వచ్చి వేళ్లు చూపించి, "పెదనాయనా, నా వల్ల కాదు. నాకు ఆ తెలివి లేదేమో" అనింది. వేలి కొనలు కమిలి నల్లగా అయిపోయినాయి. వాళ్ల నాయన, అంటే మా తమ్ముడు, "మంచిదే, ఇంక చదువు మీద పడు" అన్నాడు. వాడి బాధ వాడిది. బోరు వేసిన అప్పు ఇంకా తీరలేదు. ఇంట్లో ఒక్క రూపాయి అటూ ఇటూ పోతే ఊపిరి ఆడదు.

మా చర్చి వీధి పిల్లోడికి ఆ గిటారు చూపించినాను. వాడు తీగ మీద వేలు పెట్టి నొక్కి, "మామా, ఇది నేను కూడా వాయించలేను. తీగలు ఎంత ఎత్తులో ఉండాయో చూడు. తప్పు పిల్లది కాదు, గిటారుది" అన్నాడు.

ఆ మాట మీకు ఎట్ల తగుల్తాదో కానీ నాకు మాత్రం నారు గుర్తుకొచ్చింది. నాసి నారు నాటినోడు ఏం చేస్తాడు? ముందు నీళ్లు తక్కువయినాయేమో అంటాడు, మల్ల మందు సరిగా కొట్టలేదేమో అంటాడు, చివరికి నా చేతికే సేద్యం అచ్చి రాలేదు అని తలకొట్టుకుంటాడు. తప్పు నారుదని చెప్పేవాడు పక్కన లేకపోతే ఆ మనిషి సేద్యమే వదిలేస్తాడు. పదహారేళ్ల బిడ్డ కూడా అంతే. చెడ్డ వాయిద్యం చేతికిస్తే, "నాకు రాదు" అని తన మీద తానే తీర్పు రాసుకుంటుంది. అందుకే చెప్తా ఉండా, ఏదో ఒకటి కొనిచ్చేస్తే పోతుంది అనుకోవద్దు. చెడ్డది కొనిచ్చే దానికంటే కొనకుండా ఉండడం మేలు. మంచిదంటే ఖరీదైనదని కాదు. అక్కడే కిటుకు ఉండాది.

దుడ్డు లెక్క

నేను తిరిగిన అంగళ్లలో గిటార్లు మూడు మెట్లుగా ఉండాయి. రెండున్నర వేల నుంచి మూడున్నర వేల దాకా ఒక రకం. ఐదు నుంచి ఏడు వేల దాకా ఇంకో రకం. ఎనిమిది నుంచి పది పదకొండు వేల దాకా పేరున్న కంపెనీలవి. మొదటి రకంలో బాగుండేవి దొరకవని కాదు, ఏరుకోవాల. మూడో రకంలో తప్పులు తక్కువ. మన బోటి వాళ్లకు నడిమి రకం సరిపోతుంది.

నా లెక్క ఆరున్నర వేలు. రెండు ఆవుల పాల బిల్లులో దాణా పోగా మిగిలింది రెండు నెలలు పక్కన పెట్టినాను. టమోటా లెక్కలో చెప్తే మీకు ఇంకా బాగా అర్థమయితాది. 2023 జులైలో మదనపల్లె యార్డులో కిలో వంద దాటినప్పుడు పాతిక కిలోల కిరేట్లు మూడు అమ్మితే ఈ గిటారు వచ్చేది. కిలో రెండు రూపాయలకు పడిపోయిన రోజుల్లో అయితే నూటముప్పై కిరేట్లు పోసినా కోత కూలి, బాడుగ పోను చేతికి ఏమీ రాదు. కాబట్టి టమోటాను నమ్ముకుని బిడ్డకు మాట ఇవ్వొద్దు, పాల డబ్బును నమ్ముకుని ఇవ్వండి.

అంగట్లో ఏం చూడాల

తిరుపతిలో, బెంగుళూరులో వాయిద్యాల అంగళ్లు ఉండాయి. ఆన్‌లైనులో రొంత తక్కువకే వస్తాది, కానీ చేతితో పట్టి చూసేదానికి కుదరదు. మొదటి గిటారు మాత్రం అంగట్లోనే కొనండి. వాయించడం తెలిసిన ఒక పిల్లోడిని వెంట తీసుకుపోండి. బస్సు చార్జీ, ఒక పూట భోజనం మీరు పెట్టుకోండి, ఆ ఖర్చుకు ఫలితం ఉంటాది. బిడ్డను కూడా తప్పకుండా తీసుకుపోండి. చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపెడదాం అనుకుంటే చెప్పుల కొలత తీసుకోకుండా చెప్పులు తెచ్చినట్టు అయితాది.

ఒకటి, కొలత. పెద్ద గిటార్లు 40, 41 అంగుళాలు ఉంటాయి. సన్నగా, పొట్టిగా ఉండే బిడ్డకు 38 అంగుళాలది ఒళ్లో బాగా కూర్చుంటుంది. చిన్న పిల్లోళ్లకు అయితే 36 అంగుళాలది చాలు. కుడి చెయ్యి పెట్టె మీదుగా వేస్తే భుజం పైకి లేవకూడదు.

రెండు, తీగలు. ఇనుప తీగలవి, నైలాన్ తీగలవి రెండు రకాలు. సినిమా పాటలు, చర్చి పాటలు వాయించే వాళ్లు ఎక్కువగా ఇనుప తీగలదే పడతారు. నైలాన్ వేళ్లకు మెత్తన, శబ్దం కూడా మెత్తన. ఏది కావాలో బిడ్డనే అడగండి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి, నైలాన్ గిటారుకు ఇనుప తీగలు వేస్తే లాగుడు తట్టుకోలేక పెట్టె మీది పట్టీ లేచిపోతుంది.

మూడు, తీగ ఎత్తు. అన్నిటికంటే ముఖ్యం ఇదే. మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప మెట్లను ఫ్రెట్లు అంటారు, వీణకు ఉండే మెట్ల మాదిరి. పైనుంచి పన్నెండో మెట్టు దగ్గర, మెట్టుకూ తీగకూ మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాల. కొలబద్ద లేకపోతే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఆ రెండిటి మందం కంటే సందు బాగా ఎక్కువగా ఉంటే ఆ గిటారు బిడ్డ వేళ్లను తినేస్తాది. కింద తీగలు ఆనే తెల్ల పట్టీని రొంత అరగదీస్తే ఎత్తు తగ్గుతుంది. తెలిసిన అంగడోళ్లు చేసిస్తారు. డబ్బు కట్టే ముందే చేయించుకోండి.

నాలుగు, మెడ. కాడిమాను వంకర ఉందా అని ఒక కన్ను మూసి చూస్తాం కదా, అట్లనే తల వైపు నుంచి చూడండి. మెడ లోపల ఇనుప కడ్డీ ఉందా అని అడగండి. అది ఉంటే ముందు ముందు మెడ రొంత వంగినా తాళంతో తిప్పి సరిచేయొచ్చు. ఆరు ఇనుప తీగలు బిగిస్తే మెడ మీద పడే లాగుడు డెబ్బై కిలోలకు పైమాటే. అంటే మూడు టమోటా కిరేట్ల బరువు రాత్రీ పగలూ లాగుతా ఉంటాది. కడ్డీ లేని మెడ దాన్ని ఎన్నాళ్లు మోస్తాది?

ఐదు, మెడ పక్కన చెయ్యి పెట్టి పైనుంచి కిందికి జార్చండి. మెట్ల కొనలు గీసుకుంటే వద్దు. మల్ల ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి మీటించండి. జుయ్యిమని చీమిడి శబ్దం వస్తే ఆ మెట్టు సరిగా లేదని అర్థం.

ఆరు, బిరడాలు. తిప్పితే మెత్తగా తిరగాల, తిప్పినచోట నిలవాల. ఫోనులో శృతి చూసే యాప్ ఉచితంగా వస్తాది. తీగను వట్టిగా మీటి శృతి చేయించి, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మళ్లీ మీటించండి. అదే స్వరం పై స్థాయిలో రావాల. రాలేదంటే ఆ గిటారు ఎంత శృతి చేసినా పాటకు కలవదు. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ పొడవులో సగం దగ్గర ఉంటుందంట. సగానికి నొక్కితే కంపనాలు రెండింతలు. ఇది నాకు మా తమ్ముని కూతురే చెప్పింది, ఫిజిక్సు పుస్తకం తెచ్చి మరీ. లావు తీగ సెకనుకు 82 సార్లు, సన్న తీగ 330 సార్లు కొట్టుకుంటాయంట. గిటారు వల్ల చదువు చెడిపోతుందని బయపడే వాళ్లు ఈ మాట మా తమ్ముడికి చెప్పినట్టు మీరూ చెప్పుకోండి.

ఏడు, చెక్క. పది వేల లోపు గిటార్లు శానావరకు పొరలు అతికించిన చెక్కవే. అది లోపం అనుకోవద్దు. ఒకే పలక చెక్కది శబ్దం బాగుంటుంది, కానీ మన ఎండకు, గాలిలో తేమ తేడాకు తొందరగా పగులుతుంది. విద్యార్థికి పొరల చెక్కే మేలు. రంగులు, పూలు, కరెంటు వైరు పెట్టే బొక్క, వీటికి అదనంగా ఇచ్చే దుడ్డు శబ్దంలో కనపడదు.

కంపెనీ పేరు సంగతి

పేరున్న వాటిలో యమహా ఎఫ్-280, ఎఫ్-310 అనేవి నేర్చుకునే వాళ్లు ఎక్కువగా కొంటారు. యమహా అంటే మనకు ఆర్‌ఎక్స్-100 బండి గుర్తొస్తుంది. కానీ ఆ కంపెనీ మొదలయింది సంగీతంతోనే. 1887లో టొరాకుసు యమహా అనే ఆయన పాడైన ఒక ఆర్గన్ పెట్టెను బాగుచేయడంతో ఆ కథ మొదలయింది. బండి ట్యాంకు మీద గుండ్రంగా ఉండే గుర్తును ఈసారి సరిగా చూడండి, అందులో ఉండేవి మూడు శృతిదండాలు.

నేను కొన్నది మాత్రం నడిమి రకం, ఆరు వేల రెండు నూర్లు, సంచితో కలిపి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకంటే అంగట్లో అదే కంపెనీ, అదే రేటు గిటార్లు మూడు దించి చూసినాం. మొదటిదానికి మెట్ల కొనలు గీసుకున్నాయి. రెండోది పన్నెండో మెట్టు దగ్గర శృతి తప్పింది. మూడోది బాగుండాది. సంతలో ఒకే జాతి ఆవులు పది ఉన్నా మనం పొదుగు చూసి, పళ్లు చూసి ఒకదాన్నే పట్టుకొస్తాం కదా. ఇక్కడా అంతే, జాతి పేరు కాదు, ఎదురుగా ఉన్న ఆవును చూడాల. మిగిలిన మూడు నూర్లకు ఒక జత తీగలు, మీటే బిళ్లలు నాలుగు తీసుకున్నాం. తీగ తెగితే మన ఊర్లో దొరకదు కాబట్టి జత ముందే ఉండాల.

తెచ్చినాక

రేకుల ఇంట్లో రేకు కింద తగిలించొద్దు. బస్సు వెనక అద్దం దగ్గర పెట్టొద్దు. ఎండకు లోపలి బంక మెత్తబడి పట్టీ లేస్తుంది. వడ్ల మూటల పక్కన, ఎలుకలు తిరిగే చోట అసలు వద్దు. సంచిలో పెట్టి గోడ వారగా నిలబెట్టండి, చాలు. బిడ్డ హాస్టలుకు పోయేదయితే అక్కడ గిటారు పెట్టుకోనిస్తారా లేదా అని కొనే ముందే అడగండి. శానా హాస్టళ్లలో ఒప్పుకోరు.

మొదటి నెల వేళ్లు మంట పెడతాయి. మంచి గిటారుకు కూడా పెడతాయి, కానీ భరించేంతే. పార పట్టిన చెయ్యి కాయలు కాసినట్టు వేలి కొనలు కూడా గట్టిపడతాయి. ఆ నెల దాటేవరకు ధైర్యం చెప్పడమే మన పని. "ఎన్ని పాటలు వచ్చినాయి" అని అడగొద్దు. చుట్టాలు వస్తే "వాయించి చూపించు" అని నిలబెట్టొద్దు. మార్కులు తగ్గితే లాక్కుంటాను అని బెదిరించొద్దు. ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాల.

మా ఇంట్లో ఒక పెద్దాయన, "ఆ దుడ్డుతో ఆడపిల్లకు కాసింత బంగారు కొనిపెట్టుండొచ్చు కదా" అన్నాడు. ఇప్పటి ధరకు ఆరు వేలకు ఒక గ్రాము బంగారు కూడా రాదు అని చెప్పినాను. అది లెక్క మాట. లెక్క కాని మాట ఇంకొకటి ఉండాది. మన బిడ్డలకు మనం ఇచ్చేవన్నీ రేపటి కోసమే. చదువు రేపటి కోసం, బంగారు రేపటి కోసం, భూమి రేపటి కోసం. ఆ బిడ్డకు ఈ రోజు కోసం ఇచ్చేది ఏమన్నా ఉందా? సాయంత్రం ఆవులకు కసువు వేసి వచ్చి, గడప మీద కూర్చుని, ఒక అరగంట తనకోసం తాను బతికేది. దానికి ఆరు వేలు ఎక్కువ కాదు అని నా లెక్క.

మీ పిల్లోళ్లు గిటారు అడిగితే వెంటనే సరే అనొద్దు, వెంటనే వద్దు అనొద్దు. ఒక నెల ఎవరిదైనా తీసుకుని నేర్చుకోమనండి. అయితే ఆ ఇచ్చే గిటారు తీగ ఎత్తు మాత్రం రెండు రూపాయి బిళ్లలతో మీరే చూడండి.

ఉంటాను. రేపు యార్డుకు పోయేవాళ్లు కిరేట్లు లెక్క చూసుకుని వేయండి.