సైతాను వాకిట్లో రాకెట్లు!

*అంగారకుడి మీద రోవర్లను నడిపించిన ప్రయోగశాల అది. దాని పునాది వేసినవారిలో ఒకరు పగలు రాకెట్లు కాల్చేవాడు, రాత్రి మంత్రాలు చదివేవాడు. ఆ వింత కథకు సాక్ష్యం కాలిఫోర్నియాలోని ఓ ఎండిన వాగు!*

లాస్‌ఏంజెలెస్‌ నుంచి ఈశాన్యంగా అరగంట కారు ప్రయాణం చేస్తే పాసడీనా వస్తుంది. ఏటా కొత్త సంవత్సరం వేళ టీవీల్లో చూపించే పూలరథాల ఊరేగింపు ఈ ఊరిదే. రథాలు బారులు తీరేది ఆరెంజ్‌ గ్రోవ్‌ అనే వీధిలో. ఆ వీధికి పడమటి పక్కన ఆరోయో సెకో అనే లోయ ఉంది. స్పానిష్‌లో ఆ మాటకు 'ఎండిన వాగు' అని అర్థం. పేరుకు తగ్గట్టే ఏడాదిలో చాలా నెలలు అక్కడ కనిపించేవి ఇసుకా, రాళ్లూ, పొదలే.

వాగు వెంట పైకి వెళితే 1920లో కట్టిన ఆనకట్ట కనిపిస్తుంది. దాని పేరు డెవిల్స్‌ గేట్‌... అంటే సైతాను వాకిలి! పక్కనున్న బండ కొమ్ముల సైతాను మొహంలా ఉంటుందని ఆ పేరు. ఆనకట్ట దాటి తలెత్తి చూస్తే కొండ అంచున భవనాల గుంపు. అదే నాసాకు చెందిన జెట్‌ ప్రొపల్షన్‌ లేబొరేటరీ. అందరూ జేపీఎల్‌ అంటారు. సైతాను వాకిలికీ, అంతరిక్ష ప్రయోగశాలకూ మధ్య దూరం నడిచివెళ్లేంతే!

హాలోవీన్‌ రోజున...

1936 అక్టోబరు 31. అమెరికాలో దెయ్యాల వేషాలు కట్టే హాలోవీన్‌ పండగ. ఆరోజు కొందరు కుర్రాళ్లు ఆనకట్ట దగ్గర ఇసుకలో చిన్న రాకెట్‌ మోటారును నిలబెట్టారు. మిథైల్‌ ఆల్కహాల్‌, ఆక్సిజన్‌ కలిపి మండించాలన్నది ప్రయత్నం. చివరికి ఆక్సిజన్‌ గొట్టానికి నిప్పంటుకుంది. అది పాములా మెలికలు తిరుగుతుంటే అందరూ తలో దిక్కుకు పరుగెత్తారు. జేపీఎల్‌ తన పుట్టుకను లెక్కపెట్టుకునేది ఆ రోజునుంచే.

ఆ బృందంలో ఫ్రాంక్‌ మలీనా కాల్‌టెక్‌ విద్యార్థి. ఎడ్‌ ఫోర్మన్‌ మెకానిక్‌. మూడోవాడు 22 ఏళ్ల జాక్‌ పార్సన్స్‌. డిగ్రీ లేదు కానీ పేలుడు పదార్థాల గుణాలన్నీ అతనికి కొట్టినపిండి. తోటివాళ్లు వీళ్లకు పెట్టిన పేరు 'సూయిసైడ్‌ స్క్వాడ్‌'. అప్పట్లో రాకెట్‌ అంటే పిచ్చివాళ్ల వ్యవహారం. ఆ మాటకున్న చెడ్డపేరుకు భయపడే ప్రయోగశాల పేరులో 'రాకెట్‌' బదులు 'జెట్‌' అని పెట్టుకున్నారు!

రోడ్డు తారుతో ఇంధనం

ఈ పిచ్చి త్వరలోనే సైన్యానికి అవసరమైంది. పొట్టి రన్‌వేల మీద నుంచి విమానాలు లేవాలంటే అదనపు తోపుడు కావాలి. 1941 ఆగస్టులో చిన్న విమానానికి ఘన ఇంధన రాకెట్లు బిగించి ఎగరేశారు. విమానమైతే లేచింది కానీ, ఇంధనంతో పెద్ద చిక్కొచ్చిపడింది. నిల్వ ఉంచితే దానిలో పగుళ్లు వచ్చేవి. పగుళ్లున్నచోట మంట ఒక్కసారిగా వ్యాపించి రాకెట్‌ పేలిపోయేది.

1942లో పార్సన్స్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రోడ్లకు వేసే తారును కరిగించి పొటాషియం పెర్‌క్లోరేట్‌ కలిపాడు. ఆ ముద్దను రాకెట్‌ గొట్టంలో పోసి గట్టిపడనిచ్చాడు. పగుళ్ల బెడద తీరింది. ఆ ఏడాదే అతనూ మిత్రులూ కలిసి ఏరోజెట్‌ కంపెనీని పెట్టారు. తర్వాత తారు స్థానంలో రబ్బరులాంటి పాలిమర్లు వచ్చాయి. సూత్రం మాత్రం అదే.

పగలు ఒకటి... రాత్రి ఒకటి

ఇంగ్లండుకు చెందిన అలిస్టర్‌ క్రౌలీ అప్పట్లో పేరుమోసిన మాంత్రికుడు. తన నిజ సంకల్పాన్ని కనిపెట్టి దాని ప్రకారం బతకడమే మనిషికి ధర్మమని బోధించేవాడు. పార్సన్స్‌ 1941లో ఆయన సంఘంలో చేరాడు. మరుసటేడు ఆరెంజ్‌ గ్రోవ్‌లో ఓ పాత భవంతి అద్దెకు తీసుకుని కళాకారులకూ, నాస్తికులకూ, సంఘ సభ్యులకూ గదులిచ్చాడు. కోటీశ్వరుల వీధిలో అర్ధరాత్రి పూజలు! ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు, పోలీసులు వచ్చారు, ఎఫ్‌బీఐ ఫైలు తెరిచింది. రాకెట్‌ పరీక్షలప్పుడు కూడా అతను క్రౌలీ రాసిన స్తోత్రం చదివేవాడట.

మంత్రాలవల్ల ఇంధనం మండలేదు. దానికి రసాయనశాస్త్రమే దిక్కయింది. కానీ లోకం అసాధ్యమన్నదాన్ని పట్టుకుని వేలాడే మొండితనం రెండింటికీ ఒకటే. 1944లో ఏరోజెట్‌లో వాటాలు అమ్ముకుని పార్సన్స్‌ బయటికొచ్చాడు. 1946లో, తర్వాత సైంటాలజీని స్థాపించిన ఎల్‌.రాన్‌ హబ్బర్డ్‌తో కలిసి పూజలు చేశాడు. ఉమ్మడి వ్యాపారంలో డబ్బు పెట్టి, చివరికి అతనిమీదే కోర్టుకెక్కాడు.

ప్రచ్ఛన్నయుద్ధం మొదలయ్యాక ఆ బృందం చెల్లాచెదురైంది. మలీనా ప్యారిస్‌లో యునెస్కోకు వెళ్లిపోయాడు. వీళ్లతో పనిచేసిన చైనా మేధావి చియెన్‌ షూసెన్‌ను కమ్యూనిస్టన్న అనుమానంతో 1955లో వెళ్లగొడితే, స్వదేశంలో క్షిపణి కార్యక్రమానికి పితామహుడయ్యాడు. పార్సన్స్‌కు రహస్య పనుల అనుమతి రద్దయింది. 1952 జూన్‌ 17న ఆరెంజ్‌ గ్రోవ్‌లోని ఇంటి ప్రయోగశాలలో పేలుడు... 37 ఏళ్లకే అంతా ముగిసింది. కబురు విన్న తల్లి ఆరోజే ప్రాణం తీసుకుంది.

ఆ నిప్పు కళల్లోకి పాకింది. భార్య మార్జరీ కామెరాన్‌ చిత్రకారిణి. 1954లో కెన్నెత్‌ యాంగర్‌ తీసిన సినిమాలో ఆమె నటించింది. 1957లో లాస్‌ఏంజెలెస్‌లోని ఓ ప్రదర్శనను ఆమె గీసిన బొమ్మ కారణంగా పోలీసులు మూయించారు. 1967లో బీటిల్స్‌ ఆల్బమ్‌ అట్టమీద క్రౌలీ బొమ్మ కూడా కనిపించింది. హిప్పీల తరానికి ఆ మాంత్రికుడు అలా చేరువయ్యాడు.

శ్రీహరికోట దాకా

ఇప్పుడు ఆ భవంతి లేదు. దాని స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి. చంద్రుడి ఆవలివైపున ఓ బిలానికి మాత్రం 1972లో పార్సన్స్‌ పేరు పెట్టారు. భూమ్మీద నుంచి ఎవరికీ కనిపించని చోటన్నమాట!

మంత్రగాణ్ని దూరం పెట్టినా, నమ్మకాలు జేపీఎల్‌ను వదల్లేదు. వరసగా ఆరు వైఫల్యాల తర్వాత 1964లో రేంజర్‌-7 చంద్రుణ్ని చేరినప్పుడు కంట్రోల్‌ రూములో వేరుశెనగ గింజలు పంచారు. కీలక ఘట్టాల్లో అక్కడ పల్లీల డబ్బా చేతులు మారడం నాటినుంచీ ఆనవాయితీ. ప్రయోగానికి ముందు తిరుమల వెంకన్ననూ, సూళ్లూరుపేట చెంగాళమ్మనూ దర్శించుకునే ఇస్రో పెద్దల్ని చూసిన మనకు అదేమంత వింత కాదు.

2025 జులై 30న జేపీఎల్‌, ఇస్రో కలిసి తయారుచేసిన నిసార్‌ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి నింగికెగిసింది. మోసుకెళ్లిన జీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో మండింది ఘన ఇంధనమే... పెర్‌క్లోరేట్‌ పొడిని జిగురు పదార్థంలో కలిపి, గొట్టంలో పోసి గట్టిపరిచినది. పాసడీనా వాగు ఒడ్డున ఓ చదువు పూర్తిచేయని కుర్రాడు తారుతో మొదలుపెట్టిన పద్ధతి, మన సముద్రతీరంలో ఇంకా మండుతూనే ఉంది.